మొక్కకి అందేది

వదిన పడలేదు. జారలేదు. ఎవరూ తొయ్యలేదు. బస్సు దిగుతూ ఎప్పట్లాగే కుడికాలు కింద పెట్టింది, అంతే. చెప్పు కింద ఎండుపుల్ల ఏదో విరిగిందనుకుందట. రెండో అడుగు వెయ్యబోయేసరికి ప్రాణం జివ్వున లాగేసింది. బస్టాపు బల్ల మీద కూలబడి ఆడపడుచుకి ఫోను చేసింది.

"అమ్మడూ, కంగారుపడకు. కాలు కాస్త మొరాయిస్తోంది. మీ అన్నయ్యకి చెబితే పది ఇళ్లవాళ్లని లేపుకొస్తారు. నువ్వే రా."

ఆ అమ్మడికి యాభై రెండేళ్లు. మట్టి పరీక్షల ల్యాబులో కెమిస్టు. ల్యాబులో ఆమెకి తూకమ్మ అని పేరు, వెనకాల మాత్రమే పిలిచే పేరు. దేన్నైనా రెండుసార్లు తూచందే నమ్మదు. ఎవరో ఉద్యోగం మానేసి వెళ్తుంటే పంచిన కేకు ముక్కల్ని కూడా త్రాసు మీద పెట్టి చూసిందని ఒక కథ చెప్పుకుంటారు. అందులో నిజం లేదు. అయినా ఆమె ఎప్పుడూ కాదనలేదు.

ఆమెకి పదేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటికి వదిన ఆ ఇంటికి కాపురానికి వచ్చి నాలుగు నెలలైంది. జడలు వేసిందీ, ఎక్కాలు అప్పజెప్పించుకుందీ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చిందీ ఆ ఇరవై రెండేళ్ల పిల్లే. అందుకే తూకమ్మ పెళ్లి జోలికి పోకుండా రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉంటున్నా, ఆదివారం వచ్చిందంటే మాత్రం అన్నయ్య ఇంట్లోనే తేలుతుంది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురు పలక మీద తగిలించాడు.

"పాదంలో ఎముక విరిగింది. అది సరే, అతుక్కుంటుంది. ఇటు చూడండి. పక్కటెముకల్లో రెండుచోట్ల సన్నటి చీలికలు. ఇవి ఇవాళ్టివి కావు. ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందామ్మా?"

"దెబ్బా? లేదండీ. పోయిన చలికాలం దగ్గొచ్చింది. దగ్గినప్పుడల్లా పక్కలో కలుక్కుమనేది."

రాస్తున్నవాడల్లా డాక్టరు పెన్ను ఆపాడు. మూత్రం రిపోర్టు తిరగేసి ఇంకోసారి చదివాడు.

"కిడ్నీలు ఆపాల్సినవి ఆపడం లేదు, వదిలేస్తున్నాయి. ఇదివరకు ఏదైనా ఫ్యాక్టరీలో పనిచేశారా? బ్యాటరీలు, రంగులు, లోహాల పనులు, అలాంటివి?"

వదిన నొప్పిలో కూడా నవ్వింది. "నేనా? పుట్టి బుద్ధెరిగాక ఫ్యాక్టరీ గడప తొక్కలేదు డాక్టరుగారూ. నాకు తెలిసింది ఇల్లు, తోట. అంతే."

"రక్తం కూడా బాగా తక్కువగా ఉంది."

"అదెప్పుడూ ఉన్నదే. ఆకుకూర తినమని పదేళ్ల కిందటే చెప్పారు. రోజూ తింటూనే ఉన్నాను. పాలకూర, మా మడిలోదే. గిన్నెడు తింటాను, ఈ పిల్లని అడగండి."

డాక్టరు తూకమ్మ వంక చూశాడు. తూకమ్మ తలూపింది. ఊపుతూ ఊపుతూ ఉండగానే ఆమెకి ఆ మడి కింది మట్టి గుర్తొచ్చింది.

వదిన ఫ్యాక్టరీ గడప తొక్కని మాట నిజమే. కానీ పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే ఒక ఫ్యాక్టరీ ఉన్న నేల మీద మోకాళ్లూని కూచుంటోంది. ఆ నేల మంచిదేనని సంతకం పెట్టింది తూకమ్మే.

అక్కడ ఒకప్పుడు ఇనుపసామాన్లకి పూత పూసే ఫ్యాక్టరీ ఉండేది. అది మూతపడ్డాక చాలా ఏళ్లు పిచ్చిమొక్కలు మొలిచి పడి ఉంది. ఆ స్థలాన్ని మడులుగా విడగొట్టి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూరగాయలు పండించుకోవడానికి ఇద్దామని నగర కార్యాలయం వాళ్లకి ఆలోచన వచ్చింది. మట్టి తూకమ్మ బల్ల మీదికి వచ్చింది. బలమైన ఆమ్లంలో ఉడికించి చూస్తే కిలో మట్టికి పన్నెండు మిల్లీగ్రాముల కాడ్మియం తేలింది, ఒంట్లో చేరితే కిడ్నీల్నీ ఎముకల్నీ గుల్లచేసే లోహం. తక్కువేమీ కాదు. అంతటితో ఆపేస్తే ఆ తోట పుట్టేదే కాదు.

కానీ తూకమ్మ అంతటితో ఆపలేదు. మట్టిలో విషం ఉండటం వేరు, అది మొక్కకి అందడం వేరు. ఆమ్లం మట్టిని పిండి పిప్పిచేసి ఉన్నదంతా కక్కిస్తుంది. వేరుకి అంత బలం ఉండదు. అది నీళ్లలో కరిగినదాన్ని మాత్రమే తాగుతుంది. అందుకని ఆమె అదే మట్టిని పలచటి ఉప్పునీళ్లలో వేసి రెండు గంటలు కుదిపి, వడకట్టి, ఆ నీళ్లలోకి ఎంత దిగిందో చూసింది. దాదాపు ఏమీ దిగలేదు. ఫ్యాక్టరీ గోడలు కూలగొట్టినప్పుడు రాలిన సున్నమంతా ఆ మట్టిలో కలిసిపోయి ఉంది. సున్నం ఉన్నంతకాలం కాడ్మియం మట్టి రేణువుని కరుచుకుని కూచుంటుంది, వదలదు.

"మట్టిలో ఉంది, మొక్కకి అందదు," అని అప్పట్లో మీటింగులో చెప్పింది. ఆ మాట అందరికీ నచ్చింది. తోటలు వేసుకోవడానికి అభ్యంతరం లేదని రిపోర్టు మొదటి పేజీలో రాసి సంతకం పెట్టింది. రెండో పేజీలో షరతులు రాసింది. ఏటా మట్టికి సున్నం వెయ్యాలి. మట్టిని పులుపెక్కించే ఎరువులు వాడకూడదు. రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష చేయించాలి.

ముప్పై ఎనిమిది మడులు వేశారు. పంతొమ్మిదో మడి వదినకి వచ్చింది. అన్నయ్య డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరై ఇంట్లో గోడలు లెక్కపెట్టుకుంటున్న రోజులవి. తోట సంఘానికి ఆయన్నే కార్యదర్శిని చేశారు.

ఆస్పత్రి నుంచి వదినని ఇంట్లో దింపిన మర్నాడు తూకమ్మ మట్టి తీసే గొట్టం, సంచులు పట్టుకుని తోటకి వెళ్లింది.

"ఏమిటే, ఆదివారం కాకుండా ఊడిపడ్డావు?" అన్నాడు అన్నయ్య. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూచుని నీళ్ల వంతుల చార్టు గీస్తున్నాడు. ఆయన గీసిన గీత ఇప్పటికీ వెంట్రుకవాసి తేడా రాదు.

"మామూలు పరీక్షే అన్నయ్యా. చాన్నాళ్లయింది కదా."

"చూసుకో, చూసుకో. ఈ చుట్టుపక్కల ఇలాంటి తోట లేదు."

ఆయన అన్నది అబద్ధం కాదు. తోట కళకళలాడుతోంది. పాలకూర ఆకులు అరచేతులంతేసి, నల్లటి ఆకుపచ్చ రంగులో, నీటిచుక్క నిలవనంత నున్నగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు, ఒక్క పండుటాకు లేదు. అదే తూకమ్మకి భయం పుట్టించింది. కొన్ని విషాలు మొక్కని ముందు చంపుతాయి, మనిషికి హెచ్చరికగా పనికొస్తాయి. కాడ్మియం అలా చెయ్యదు. మొక్కని నవనవలాడనిచ్చి, తినేవాళ్ల కోసం ఆకులో ఆగుతుంది.

పక్క మడిలో ఒక టీచరు, చంటిబిడ్డని వీపుకి కట్టుకుని, ముల్లంగి పీకుతోంది. "బావున్నారా అండీ?" అని పలకరించింది. బిడ్డ నోట్లో ఆకుకాడ ఉంది.

తూకమ్మ వదిన మడిలో మోకాళ్లూనింది. గొట్టం నేలలోకి దించింది. జానెడు లోతు మట్టి, ఒక్కో మడిలో ఐదుచోట్ల, పన్నెండు మడుల నుంచి తీసింది. ప్రతి సంచి మీదా నంబరు రాసింది. వదిన మడిలోంచి ఆకులు కూడా కోసుకుంది.

"మట్టికి సున్నం ఎప్పుడు వేశారు అన్నయ్యా?" అని అడిగింది, గొంతు మామూలుగా ఉంచుకుని.

"సున్నమా? షెడ్డు గోడకి పోయినేడు వేశాం. ఎందుకూ?"

"గోడకి కాదు. మట్టికి."

ఆయన పకపకా నవ్వాడు. "మట్టికి సున్నం వేస్తారుటే ఎవరైనా! మేం వేసేది ఇదీ." షెడ్డు మూల పేర్చిన బస్తాల్లో ఒకదాన్ని చేత్తో తట్టాడు. పంచదారలాంటి తెల్లటి ఎరువు. "ఏటా రెండుసార్లు. నేనే దగ్గరుండి చల్లిస్తాను. మొదట్లో మొక్కలు ఈసురోమంటూ ఉండేవి. ఇది మొదలెట్టాకే ఇలా ఎగబడి పెరుగుతున్నాయి."

బస్తా మీద అమ్మోనియం సల్ఫేట్ అని ఉంది. మట్టిలో ఉన్న సున్నాన్ని ఏడాదికింత, ఏడాదికింత తినేసి, నేలని పులిసిపోయేలా చేసే ఎరువు. అక్కడే గోడకి తన రిపోర్టు అద్దం వెనక, ఫ్రేములో, దుమ్ము లేకుండా మెరుస్తోంది. మొదటి పేజీ. కింద తన సంతకం. తూకమ్మ సంచులు సర్దుకుని ల్యాబుకి బయల్దేరింది.

మట్టిని ఆరబెట్టి, జల్లించి, నీళ్లలో కలిపి పులుపు చూసింది. పదకొండేళ్ల కిందట ఏడుకి పైన ఉన్న అంకె ఐదు దగ్గర ఆగింది. ఆ అంకె దిగేకొద్దీ పులుపు ఎక్కినట్టు. మీటరు చెడిందేమోనని ఇంకో మీటరు పెట్టింది. ఐదే.

ల్యాబులో లోహాలు కొలిచే యంత్రం దగ్గర ఉండే ఆయన్ని మంటాయన అంటారు. వడకట్టిన నీళ్లని యంత్రం మంటలోకి పీల్చి ఏ లోహం ఎంతుందో చెబుతుంది. మంటాయన దాని పక్కన కూచుని, అంకెల మీద జోకులేస్తూ రోజు గడుపుతాడు.

ఆ రోజు పంతొమ్మిదో మడి గొట్టం పెట్టగానే ఎగిరిపడ్డాడు. "మేడమ్, మీరు పక్కన రాసిచ్చిన పాత అంకెలో దశాంశం చుక్క ఏ చీమో ఎత్తుకుపోయుంటుంది! ఇది చూడండి, అప్పటికి ఇప్పటికి ముప్పై రెట్లు."

"ఖాళీ గొట్టం పెట్టి చూడు."

ఖాళీ గొట్టంలో సున్నా వచ్చింది. మళ్లీ పంతొమ్మిది పెట్టాడు. అదే అంకె.

"ఎక్కడి మట్టి మేడమ్ ఇది? ఫ్యాక్టరీ పెరడా?"

"మా వదిన తోట."

మంటాయన ఆ తర్వాత జోకెయ్యలేదు. మిగతా పదకొండు మడులవీ ఒక్కొక్కటిగా పెట్టాడు, అంకెలు గట్టిగా చదవకుండా కాగితం మీద రాసి ఆమె వైపు జరిపాడు.

ఆమ్లంలో ఉడికించి మొత్తం ఎంతుందో కూడా చూశారు. పన్నెండే. మట్టిలోకి కొత్తగా ఒక్క రవ్వ కూడా వచ్చి చేరలేదు. ఉన్నదే పట్టు వదిలేసింది. పదకొండేళ్ల కిందట అందనిది ఇప్పుడు వేళ్లకి నీళ్లతో పాటు అందుతోంది.

ఒకసారి చేస్తే చాలదని తూకమ్మ అంతా మొదటి నుంచి మళ్లీ చేసింది. గాజుసామాను మళ్లీ కడిగింది, ఉప్పునీళ్లు కొత్తగా కలిపింది, మట్టి మళ్లీ తూచింది. అది జాగ్రత్త కాదని ఆమెకి లోపల తెలుసు. తప్పు తన చేతుల్లో ఎక్కడైనా దొరికితే బావుండునన్న ఆశ. ఆ ఆశతో మూడు రోజులు గడిచిపోయాయి. ఆ మూడు రోజులూ అన్నయ్య ఇంట్లో పాలకూర ఉడుకుతూనే ఉంది.

రెండోరోజు మధ్యాహ్నం ఉండబట్టలేక ఫోను చేసింది.

"వదినా, ఎముక విరిగినప్పుడు ఆకుకూర తినకూడదట. కొన్నాళ్లు మానెయ్యి."

"ఎవరన్నారే?"

"ఎక్కడో చదివాను."

"నువ్వు మట్టి డాక్టరువి, మనుషుల డాక్టరువి కాదు. ఆయన రక్తం తక్కువగా ఉందన్నాడు, విన్నావు కదా? మీ అన్నయ్య పొద్దున్నే ఇంత కోసుకొచ్చారు. పారబొయ్యమంటావా?"

పారబొయ్యి అని ఆ క్షణాన అనాల్సింది. తూకమ్మ అనలేదు. ఇంకా అంకెలు సరిచూడాలని, తొందరపడకూడదని, ముప్పై ఎనిమిది ఇళ్ల వ్యవహారమని ఏవేవో నచ్చచెప్పుకుంది. ఒంట్లో ఇనుము తక్కువున్నవాళ్లు కాడ్మియాన్ని ఇంకా ఎక్కువగా పీల్చుకుంటారన్న సంగతి ఆమెకి తెలియంది కాదు. వదిన రక్తం పడుతుందని తింటున్న ప్రతి ముద్దా ఏం చేస్తోందో తెలిసి కూడా ఫోను పెట్టేసింది. తర్వాత ఎన్ని జరిగినా, ఆ ఫోను పెట్టెయ్యడాన్ని మాత్రం తనకి తాను క్షమించుకోలేకపోయింది.

మూడోరోజు ఆకుల వంతు. మడిలో కోసినవి, వాటితో పాటు తన ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్నవి కూడా తెచ్చింది. పోయిన ఆదివారం వదిన సంచిలో కుక్కి ఇచ్చినవి. కడిగి, ఎండబెట్టి, పొడిచేసి, ఆమ్లంలో కరిగించి ఇచ్చింది. మంటాయన చూశాడు. రెండు ఆకులూ ఒకే కథ చెప్పాయి. మట్టి అందించగలదని ఉప్పునీళ్లు చెప్పినదాన్ని మొక్క నిజంగానే అందుకుంది.

"ఇవెక్కడివి మేడమ్? రెండో పొట్లం మీద నంబరు లేదు."

"నా వాటా," అంది తూకమ్మ.

ల్యాబు డైరెక్టరు రిపోర్టు చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు. మెత్తటి మనిషి, ఆ మెత్తదనమే ఆయనతో వచ్చిన చిక్కు.

"ఒక్క వారం ఆగుదాం. కార్యాలయం వాళ్లతో నేను మాట్లాడతాను. ఈ లోపల నువ్వు మాటలు కాస్త సర్దు. 'ప్రమాదకరం' అని ఎందుకు? 'పరిశీలించదగిన మార్పు' అను. అప్పుడు సంతకం పెట్టింది కూడా నువ్వే కదా, నీ మంచికే చెబుతున్నాను."

"ఈ పూట కూడా తింటారు సార్ వాళ్లు."

"అందరికీ తెలిస్తే గోలవుతుంది."

"కావాలి," అంది తూకమ్మ. ఆ గదిలో ఆమె గొంతు పెంచడం ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి. "షరతులు రాశాను. రెండేళ్లకోసారి పరీక్ష అన్నాను. ఎవరూ మట్టి పంపలేదు. ఎవరూ పంపలేదేమని మనం అడగలేదు. నేను ప్రతి ఆదివారం ఆ తోట గేటు ముందు నుంచే నడిచి వెళ్లాను సార్. నా సంచిలో ఒక్క గుప్పెడు మట్టి వేసుకురావాలని తోచలేదు. ఆకులు మాత్రం వేసుకొచ్చాను."

రిపోర్టులో ఒక్క మాట మార్చకుండా అన్నయ్య ఇంటికి బయల్దేరింది. దారిలో తోట దగ్గర ఆగింది. షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. ఫ్రేము గోడ మీంచి దించి, వెనకాల మేకులు వంచి, అట్ట తీసింది. అట్టకీ మొదటి పేజీకీ మధ్య ఇంకో కాగితం ఉంది, బోర్లించి. తిప్పి చూస్తే తన అక్షరాలే. సున్నం, ఎరువులు, రెండేళ్లకోసారి పరీక్ష. పదకొండేళ్లుగా ఆ షరతులన్నీ గోడకి ముఖం తిప్పుకుని వేలాడుతున్నాయి.

అన్నయ్య అప్పుడే లోపలికి వచ్చాడు. విప్పేసిన ఫ్రేము, చెల్లెలి చేతిలో కాగితం చూశాడు.

"అదా? అద్దం వదులుగా ఉందే. ఆసరాకి వెనకాల పెట్టాను. ఫ్రేములో ఒకటే పట్టింది. దాన్లో ఏవో మీ ల్యాబు సంగతులు ఉన్నాయి, అసలుది ముందు పేజీలోనే ఉంది కదా..." మాట్లాడుతూనే చెల్లెలి ముఖం చూసి ఆగాడు. "ఏమైందమ్మడూ?"

తూకమ్మ చెప్పింది. నిలబడే చెప్పింది, సర్దకుండా చెప్పింది. ఆయన కాగితం అందుకుని, విన్నంతసేపూ దాని అంచుని రెండు వేళ్లతో సాఫు చేస్తూనే ఉన్నాడు. ఆఖరికి ఒకటే అడిగాడు.

"దాని ఎముకలు... అందుకేనా?"

"అవుననే అనుకుంటున్నాను అన్నయ్యా."

ఆయన కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. కుర్చీ అక్కడ లేదు. ఎరువు బస్తా మీద కూచున్నాడు. ఏడవలేదు. బస్తా మీదే కూచున్నానని కాసేపటికి తెలిసి, నిప్పు అంటుకున్నట్టు లేచిపోయాడు.

వదినకి చెప్పింది కూడా తూకమ్మే. పాదానికి కట్టుతో మంచం మీద కూచుని చిక్కుళ్లు ఒలుస్తోంది. విన్నాక ఒలిచిన గింజల గిన్నెని మెల్లగా పక్కకి జరిపింది. తన గురించి ఒక్క ముక్క అడగలేదు.

"నేనిచ్చినవాళ్లందరికీనా?"

"ఎవరెవరికి ఇచ్చావు వదినా?"

అప్పుడు వదిన చెప్పడం మొదలుపెట్టింది. మేడ మీది ముసలాయనకి, పళ్లు లేవు కాబట్టి మెత్తగా ఉడికించి. ఎదురింటి కుట్టుపని అమ్మాయికి, కడుపుతో ఉన్నప్పుడు తొమ్మిది నెలలూ. మందులషాపు అతనికి, షుగరు కదా అని. రెండు వీధుల అవతల కవలపిల్లల తల్లికి. చెబుతున్నకొద్దీ ఇంకొకరు గుర్తొస్తున్నారు. తూకమ్మ కాగితం తీసి రాసుకుంది. ఇరవై మూడు పేర్ల దగ్గర వదిన తన అరచేతుల్ని తిప్పి చూసుకుంది.

"నా చేత్తో ఇచ్చానే," అంది. "వద్దన్నవాళ్లకి కూడా బతిమాలి ఇచ్చాను."

ఆ సాయంత్రమే తూకమ్మ, అన్నయ్య, ఒక్కొక్క తలుపూ తట్టారు. కొందరు నమ్మలేదు. కొందరు తిట్టారు. ఒకాయన, "పదకొండేళ్లు మంచిదని, ఇప్పుడు చెడ్డదా? స్థలం లాక్కోడానికి వేషాలు," అని తలుపు మొహాన వేశాడు. చంటిబిడ్డ టీచరు మాత్రం తలుపు పూర్తిగా తీసింది. అంతా విని, బిడ్డని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, "వీడికి ఎంత?" అని అడిగింది. దానికి తూకమ్మ దగ్గర అంకె లేదు.

మర్నాటికి గేటుకి తాళం పడింది. నెలన్నరలో అందరి మూత్రం పరీక్షలు అయ్యాయి. తోట కూర తిన్న నూట నలభై మందిలో అరవై ఒక్కమందికి ఉండాల్సినదానికంటే ఎక్కువుంది. తొమ్మిదిమందికి కిడ్నీల మీద అప్పటికే దెబ్బ కనిపించింది. చంటిబిడ్డకి కొద్దిగానే ఉంది. ఆ కొద్ది ఏం చేస్తుందో బిడ్డ పెద్దయితేగానీ తెలియదని డాక్టరు చెప్పాడు. నగర కార్యాలయం వాళ్ల బీరువాలో రిపోర్టు రెండు పేజీలూ దొరికాయి, పిన్ను కూడా ఊడకుండా. మొదటి పేజీ మూల మడత కూడా పడలేదంటే, దాన్ని తిప్పి రెండోది ఎవరూ చదవలేదనే లెక్క. డైరెక్టరు తూకమ్మతో మాట్లాడటం తగ్గించాడు. ఆమెని విచారణకి రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ తన తప్పు తానే ముందుగా చెప్పుకుంది. ఉద్యోగం మాత్రం ఉంచారు, మట్టి తెలిసినవాళ్లు వేరే లేక.

అన్నయ్య ఎరువు బస్తాలన్నీ తీయించేశాడు. ఇంట్లో గరిట పట్టని మనిషి వంట నేర్చుకున్నాడు. వదినతో పాత సంగతులు తప్ప ఏమీ మాట్లాడడు. రిపోర్టు సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వాకిట్లోకి వెళ్లిపోతాడు.

చలికాలం వచ్చేసరికి వదినకి తుంటి ఎముక కూడా బీటవేసింది, మంచం మీద ఒత్తిగిల్లినందుకే. పాదం అతుక్కుంది గానీ ఆమె మళ్లీ దాని మీద నిలబడలేదు. కిటికీ పక్కకి మంచం మార్పించుకుని వీధిలో పోయేవాళ్లని చూస్తూ ఉంటుంది. ఎదురింటి కుట్టుపని అమ్మాయి పిల్లవాణ్ని ఎత్తుకుని పోతుంటే మాత్రం ముఖం ఇటు తిప్పేసుకుంటుంది.

ఒక మధ్యాహ్నం తూకమ్మ వచ్చి పక్కన కూచుంది. వదిన చెయ్యి అందుకుంది, ఎక్కడ నొక్కితే ఏమవుతుందోనని గాజుగొట్టాన్ని పట్టుకున్నట్టు.

"అందరికంటే ఆఖర్న ఇచ్చావు, నీ రిపోర్టు వచ్చిందా?" అంది వదిన.

"వచ్చింది."

"మామూలేనా?"

"కాదు వదినా. నీ అంత లేదు. కానీ ఉంది."

"పోతుందా?"

"సగం పోవడానికే ఇరవై ఏళ్ల పైన పడుతుంది."

వదిన మనసులో ఏదో లెక్క వేసుకుంది. "అప్పటికి నేనుండను. మిగతా సగం సంగతి నువ్వే చూసుకోవాలి మరి," అంది. అంటూ నవ్వబోయి, పక్కలో పట్టేసి ఆగిపోయింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు. అన్నయ్య ఉప్పు డబ్బా వెతుక్కుంటున్నాడు. తూకమ్మ గడియారం చూసింది. ఈ పదకొండేళ్లలోనూ, అంతకుముందూ, ఆమె ఇలాంటి సంతకాలే ఇంకా ఏడు స్థలాలకి పెట్టింది. మట్టిలో ఉంది, మొక్కకి అందదు అని ఏడుచోట్ల రాసింది. వాటి ఫైళ్లన్నీ తీసి, ఒక్కొక్కదానికీ తనే వెళ్లి మట్టి తెస్తోంది. రెండు బాగానే ఉన్నాయి. ఒకదాని మీద కార్లు ఆపుకునే సిమెంటు పరిచేశారు. నాలుగోదాని అంకె చూసి మంటాయన యంత్రం ఆపేసి బయటికి వెళ్లి నిలబడ్డాడు.

"గడియారం చూస్తున్నావేం?" అంది వదిన.

"ఐదోదానికి వెళ్లాలి. నాలుగింటికి మూసేస్తారట."

"ఏముందక్కడ?"

"పిల్లల బడి. వెనకాల పెరట్లో వాళ్ల చేతే కూరగాయలు వేయిస్తున్నారట. మధ్యాహ్నం భోజనంలోకి."

వదిన చెయ్యి లాక్కుంది.

"అయితే ఇక్కడ కూచున్నావేమే? లే."